కన్‌స్ట్రక్టర్ పాఠంలో రాలిపోయిన అండర్‌స్కోర్లు

సంపాదకులకు,

నమస్కారం. మీ విద్యా పేజీలో వారంవారం వస్తున్న పైథాన్ ప్రోగ్రామింగ్ పాఠాల్లో మొన్నటిది క్లాసుల గురించి, అంటే ఒకే తరహా ఆబ్జెక్టులు చేసుకునే అచ్చుల గురించి. తెలుగులో ఇలాంటి పాఠం రావడమే గొప్ప, చిన్నాచితకా పొరపాట్లు పట్టించుకోనక్కర్లేదు. కానీ ఈసారి దొర్లినవి అలాంటివి కావు. పేపర్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టుకునే పిల్లలు పూటంతా తల పట్టుకుని కూర్చుంటారు. తప్పు కొంత పేజీ పెట్టినవారిది, కొంత పాఠం రాసినవారిది.

ముందు పేజీ సంగతి. కొత్త ఆబ్జెక్ట్‌కు మొదటి విలువలు అమర్చే కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్ పేరు ఇనిట్. ఆ పేరుకు ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు ఉండాలి. మీ పేజీలో అటొకటి, ఇటొకటి మాత్రమే పడ్డాయి. అలా పడితే పైథాన్ దాన్ని తప్పనదు. ఎవరో పెట్టుకున్న మామూలు ఫంక్షన్ పేరు కాబోలనుకుని ఊరుకుంటుంది, ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు దాన్ని పిలవనే పిలవదు. చివరికి విలువలు ఇచ్చి ఆబ్జెక్ట్ చేయబోతే 'టేక్స్ నో ఆర్గ్యుమెంట్స్' అని టైప్ ఎర్రర్ వస్తుంది. మూడు విలువలు ఇవ్వాలని పాఠంలో ఉంది, ఇచ్చాం, అసలేమీ తీసుకోనంటోంది ఏమిటని పిల్లవాడు కింది లైన్లోనే వెతుకుతాడు. తప్పేమో పైన, ఫంక్షన్‌ను మొదలుపెట్టే డెఫ్ లైన్లో ఉంది. తొందరలో ఇనిట్‌ను ఇంట్ అని కొట్టినా ఇదే ఎర్రర్. ఈ మెసేజ్ కనిపిస్తే ముందు చూడాల్సింది ఆ పేరు స్పెల్లింగూ, నాలుగు అండర్‌స్కోర్లూనూ.

రెండోది, కొటేషన్ గుర్తులు. పేజీ పెట్టే సాఫ్ట్‌వేర్ నిటారు కొటేషన్లను వంకర కొటేషన్లుగా మార్చేస్తుంది. వార్తకు అవి అందం. కోడ్‌లో పడితే, మీ ఈ-పేపర్ నుంచి కాపీ చేసుకున్నవాడికి ఇన్వాలిడ్ క్యారెక్టర్ అని సింటాక్స్ ఎర్రర్. మూడోది, లైన్ల ముందు ఖాళీలు. కాలమ్ సరిపోలేదని అన్ని లైన్లనూ ఎడమకు నెట్టేశారు. పైథాన్‌లో ఆ ఖాళీలే వ్యాకరణం. డెఫ్ కింది లైన్ లోపలికి (అలవాటుగా నాలుగు స్పేసులు) జరగకపోతే ఇండెంటేషన్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ మొదలే కాదు. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో దొరికే నోట్సులకూ ఇదే జబ్బు. కోడ్ ఉన్న పెట్టెకు అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే ఫాంట్ వాడి, జస్టిఫై తీసేస్తే సగం బాధ తీరుతుంది.

ఇక పాఠం. కన్‌స్ట్రక్టర్‌కు వచ్చిన పారామీటర్లను ఆబ్జెక్ట్ మీద ఆట్రిబ్యూట్లుగా పెట్టడం అందులో అసలు విషయం. దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేసి, వెంటనే 'సులభ మార్గం' అంటూ ఒక అడ్డదారి చూపించారు. నా అభ్యంతరమంతా అక్కడే. ఎస్.ఆర్. నగర్‌లో గల్లీకి నాలుగు హాస్టళ్లు ఉంటాయి కాబట్టి, హాస్టల్ రిజిస్టర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. బోర్డర్ అంటే హాస్టల్లో ఉండేవాడు. ఉత్తరం కనుక తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. కంప్యూటర్‌లో క్లాస్, డెఫ్, ఇనిట్ లాంటివి ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

క్లాస్ బోర్డర్:
    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, పేరు, గది, అడ్వాన్స్):
        సెల్ఫ్.పేరు = పేరు
        సెల్ఫ్.గది = గది
        సెల్ఫ్.అడ్వాన్స్ = అడ్వాన్స్

'పేరును పేరుకే ఇస్తున్నాం' అని మీ పాఠం చెప్పింది. కాదు. కుడివైపున్న పేరు, పారామీటర్. ఆ ఫంక్షన్ నడుస్తున్నంతసేపే దాని బతుకు. ఎడమవైపున్నది ఆబ్జెక్ట్‌కు అంటుకున్న ఆట్రిబ్యూట్, ఆబ్జెక్ట్ ఉన్నంతకాలం ఉంటుంది. సెల్ఫ్ అంటే ఆ ఆబ్జెక్టే. చేరడానికి వచ్చిన కుర్రాడు వార్డెన్ చేతికిచ్చే చీటీ కుడివైపుది, వార్డెన్ రిజిస్టర్‌లో రాసుకునేది ఎడమవైపుది. రెండింటి మీదా 'పేరు' అనే ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. కావాలంటే చీటీని 'పే' అని పిలుచుకుని సెల్ఫ్.పేరు = పే అని రాసుకోవచ్చు, పైథాన్‌కు పట్టింపు లేదు. ఒకే పేరు వాడటం చదివేవాడి సౌకర్యం కోసం. (ఇనిట్ ఆబ్జెక్ట్‌ను 'సృష్టిస్తుంది' అన్నమాట కూడా సరి కాదు. సృష్టించేది న్యూ అనే మరో డబుల్ అండర్‌స్కోర్ మెథడ్. ఇనిట్ చేతికి వచ్చేసరికి ఆబ్జెక్ట్ పుట్టే ఉంటుంది, ఇది అందులో సామాను సర్దుతుంది. ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న కాబట్టి చెబుతున్నాను.)

ఇప్పుడు సెల్ఫ్ మరిచిపోయి ఉత్తినే పేరు = పేరు అని రాస్తే? ఎర్రర్ రాదు. చీటీ మీద ఉన్నదాన్నే మళ్లీ చీటీ మీద రాసి, ఫంక్షన్ అయిపోగానే చించి పారేసినట్టు. ఎక్కడో వంద లైన్ల కింద సెల్ఫ్.పేరు అడిగినప్పుడు ఆట్రిబ్యూట్ ఎర్రర్ పేలుతుంది. తిరగేసి పేరు = సెల్ఫ్.పేరు అని రాసినవాడు ఒకరకంగా అదృష్టవంతుడు, అతనికి ఆ లైన్లోనే తెలిసిపోతుంది.

ఈ మరపు జావా నేర్చుకుని వచ్చినవాళ్లలో మరీ ఎక్కువ. దానికి కారణం ఉంది. జావాలో పారామీటర్‌కు వేరే పేరు పెట్టుకుంటే దిస్ (అక్కడి సెల్ఫ్) అనే మాట లేకుండానే ఫీల్డ్‌కు విలువ చేరుతుంది. ఫీల్డ్ ఫలానాదని క్లాస్‌లోనే ప్రకటించి ఉంటుంది కనుక కంపైలర్ వెతికి పట్టుకుంటుంది. పైథాన్‌లో ఆ ప్రకటన లేదు. ఈక్వల్స్‌కు ఎడమవైపు ఉత్త పేరు కనిపిస్తే, ఆ ఫంక్షన్‌లో కొత్త లోకల్ వేరియబుల్ అనుకుంటుంది, అంతే. అందుకే సెల్ఫ్ ప్రతి లైన్లోనూ రాయాల్సిందే. మన ఊళ్లో చాలామంది కోర్ జావా కోర్సు అయ్యాకే పైథాన్ బ్యాచ్‌లో చేరతారు. పాఠంలో ఈ ఒక్క తేడా రాసి ఉంటే చాలామందికి మేలు జరిగేది.

మీ పాఠం చూపిన అడ్డదారి ఇది: పారామీటర్లు ఎన్ని ఉన్నా ఒకే లైన్లో సెల్ఫ్.__డిక్ట్__.అప్‌డేట్(లోకల్స్()) అనేయమంటుంది. డిక్ట్ అంటే ఆబ్జెక్ట్ ఆట్రిబ్యూట్లన్నీ ఉండే పట్టిక. పది లైన్లు ఆదా అవుతాయన్నది నిజమే. కానీ లోకల్స్ అంటే ఆ క్షణాన ఫంక్షన్‌లో ఉన్న పేర్లన్నీ. అందులో సెల్ఫ్ కూడా ఉంటుంది. ఆబ్జెక్ట్ తన జేబులో తననే పెట్టుకుంటుంది. దానివల్ల వాడుక అయిపోయినా రిఫరెన్స్ లెక్క (దాన్ని ఎన్ని చోట్ల నుంచి చూపిస్తున్నారన్నది) సున్నాకు చేరదు, వాడనివాటిని ఏరిపారేసే గార్బేజ్ కలెక్టర్ వచ్చి చూసేదాకా మెమరీలో వేలాడుతుంది. ఆ డిక్ట్‌ను జేసన్‌గా (డేటాను పంపుకునే టెక్స్ట్ రూపంగా) మార్చబోతే 'ఈ ఆబ్జెక్ట్ సీరియలైజ్ కాదు' అని టైప్ ఎర్రర్. ఆ లైన్ పైన మధ్యలో ఏదైనా లెక్క కోసం తాత్కాలిక వేరియబుల్ వాడి ఉంటే అదీ ఆట్రిబ్యూట్ అయిపోతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ప్రాపర్టీలతో. ప్రాపర్టీ అంటే ఆట్రిబ్యూట్‌లా కనిపిస్తూ, విలువ పెట్టేటప్పుడు సెట్టర్‌నూ, అడిగేటప్పుడు గెట్టర్‌నూ నడిపేది. అడ్వాన్స్ సున్నాకు తగ్గకూడదని ప్రాపర్టీ రాసి, అసలు విలువను _అడ్వాన్స్ అనే పేరుతో దాచుకున్నామనుకోండి. సెల్ఫ్.అడ్వాన్స్ = అడ్వాన్స్ అన్న మామూలు లైన్ సెట్టర్ గుండా వెళ్తుంది, మైనస్ 5000 ఇస్తే మనం రాసుకున్న వాల్యూ ఎర్రర్ అక్కడే ఆపుతుంది. డిక్ట్ అప్‌డేట్ మాత్రం సెట్టర్ గడప తొక్కకుండా కిటికీలోంచి లోపలికి విసిరేస్తుంది. మైనస్ 5000 ఎంచక్కా లోపల కూర్చుంటుంది. తర్వాత అడ్వాన్స్ ఎంతని అడిగితే గెట్టర్ _అడ్వాన్స్ కోసం వెతికి, అది పెట్టనే లేదు కాబట్టి ఆట్రిబ్యూట్ ఎర్రర్ ఇస్తుంది. డిక్ట్ తెరిచి చూస్తే అడ్వాన్స్ కనిపిస్తూనే ఉంటుంది, అడిగితే లేదంటుంది. కొత్తవాడికి ఇంతకన్నా పిచ్చెక్కించే పరిస్థితి ఉండదు.

దీని తమ్ముడు ఇంకొకటి ఉంది: ఏ పేర్లతో విలువలిచ్చినా పోగుచేసుకునే రెండు చుక్కల కేడబ్ల్యూఆర్గ్స్ తీసుకుని, ఒక్కో పేరుతో ఆట్రిబ్యూట్ పెట్టే సెట్ఆట్ర్‌ను లూప్‌లో పిలవడం. చుక్కలు అలవాటుగా అంటాం, అవి రెండు నక్షత్రాలు. ఇది సెల్ఫ్‌ను లోపల పెట్టదు, సెట్టర్ గుండానే వెళ్తుంది, ఆ మేరకు నయం. కానీ ఏ పేరిచ్చినా తీసుకుంటుంది. అడ్వాన్స్ బదులు అద్వాన్స్ అని కొట్టినా సరే అంటుంది. గది ఇవ్వకపోయినా అడగదు. ఖాళీచేయి అనే మెథడ్ క్లాసులో ఉంటే, అదే పేరుతో ఎవరైనా విలువ పంపితే ఆ ఆబ్జెక్ట్‌లో మెథడ్ కనపడకుండా పోతుంది. వెబ్ ఫారంలోంచి వచ్చిన డేటాను నేరుగా ఇలా పోస్తే, బకాయి లేదు అనే ఆట్రిబ్యూట్‌ను బయటివాడే పంపించి తన బాకీ తనే కొట్టేసుకోవచ్చు. పైగా ఎడిటర్ ఏ పారామీటర్లు ఇవ్వాలో చూపించదు, హెల్ప్ అడిగితే కేడబ్ల్యూఆర్గ్స్ అని మాత్రమే వస్తుంది. కన్‌స్ట్రక్టర్ మొదటి లైను చదివితే ఆ ఆబ్జెక్ట్‌కు ఏమేం కావాలో తెలియాలి. దాన్నే దాచిపెట్టే ఒడుపును మొదటి పాఠంలో చూపించడం నాకు నచ్చలేదు.

చేత్తో రాసే మూడు లైన్లలోనూ గుంటలు లేకపోలేదు. బోర్డర్('రవి', 5000, 204) అని పిలిస్తే రవి గది 5000, అడ్వాన్స్ 204 రూపాయలు. రెండూ అంకెలే, పైథాన్ నోరెత్తదు. పారామీటర్ల మధ్య ఒక నక్షత్రం పెట్టి (సెల్ఫ్, పేరు, *, గది, అడ్వాన్స్) అని రాస్తే, దాని తర్వాతవన్నీ గది=204, అడ్వాన్స్=5000 అని పేరు చెప్పి ఇస్తే తప్ప తీసుకోదు. రెండు కన్నా ఎక్కువ పారామీటర్లున్న ప్రతి కన్‌స్ట్రక్టర్‌లో ఈ నక్షత్రం పెట్టడం మంచి అలవాటు.

లిస్టు దగ్గర ఇంకా జాగ్రత్త. మీ పాఠంలో మార్కులు=[] అని డిఫాల్ట్ ఇచ్చారు. మన రిజిస్టర్‌లో బాకీలు=[] అని పెట్టి చూడండి. రవి చేరాడు, అతని బాకీల్లో 'ఇస్త్రీ 60' కలిపాం. తర్వాత సురేష్ చేరాడు, ఇంకా బ్యాగు కూడా దించలేదు. అతని బాకీలు చూస్తే 'ఇస్త్రీ 60'! డిఫాల్ట్ విలువను పైథాన్ ప్రతి పిలుపుకూ కొత్తగా చేయదు. డెఫ్ లైన్‌ను చదివినప్పుడు ఒక్కసారే చేసి దాచుకుంటుంది. అందరికీ ఇచ్చేది ఆ ఒక్క లిస్టునే. చేరినతేదీ=డేట్.టుడే() అని పెట్టినా ఇదే గతి. సర్వర్ ఎప్పుడు స్టార్ట్ చేశారో అప్పటి తేదీయే, దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా చేరినవాళ్లందరికీ పడుతుంది. డిఫాల్ట్‌గా నన్ (ఏమీ లేదు అనే విలువ) పెట్టి, లోపల 'బాకీలు ఈజ్ నన్' అయితే కొత్త లిస్టు చేయాలి. చాలామంది దీన్ని పొట్టిగా 'బాకీలు ఆర్ []' అని రాస్తారు. అది ఖాళీ లిస్టు ఇచ్చినప్పుడు కూడా దాన్ని వదిలేసి వేరే లిస్టు పెట్టేస్తుంది, ఇచ్చినవాడు తన లిస్టులో కలుపుతూ పోతే ఇక్కడ కనపడదు. అసలు మనకు పంచుకోవడమే వద్దనుకుంటే సెల్ఫ్.బాకీలు = లిస్ట్(బాకీలు) అని నకలు తీసుకోవాలి. ఉత్త ఈక్వల్స్ నకలు తీయదు, అదే లిస్టుకు ఇంకో పేరు తగిలిస్తుంది.

ఇవన్నీ తెలిశాక, లైన్లు తగ్గించుకోవడానికి రాజమార్గం ఒకటి ఉంది. 2018 జూన్‌లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి డేటాక్లాస్ భాషతోపాటే వస్తోంది. ఎరిక్ వి. స్మిత్ ప్రతిపాదన అది, పెప్ 557 (పెప్ అంటే పైథాన్‌ను మెరుగుపరచడానికి పెట్టే ప్రతిపాదన పత్రం). అడ్డదారి బదులు ఇది చూపిస్తే బాగుండేది:

ఫ్రమ్ డేటాక్లాసెస్ ఇంపోర్ట్ డేటాక్లాస్, ఫీల్డ్

@డేటాక్లాస్
క్లాస్ బోర్డర్:
    పేరు: స్ట్ర్
    గది: ఇంట్
    అడ్వాన్స్: ఇంట్ = 5000
    బాకీలు: లిస్ట్ = ఫీల్డ్(డిఫాల్ట్_ఫ్యాక్టరీ=లిస్ట్)

ఇనిట్ మనం రాయనక్కర్లేదు, పై నాలుగు లైన్లు చూసి అదే రాసుకుంటుంది, పారామీటర్లు కూడా బయటికి కనిపిస్తాయి. ప్రింట్ చేస్తే చదవగలిగే రూపం, ఈక్వల్ ఈక్వల్స్‌తో పోలిక అదనం. ఇంపోర్ట్‌లో మొదటి పేరు బహువచనం, రెండోది ఏకవచనం, అక్కడ తడబడతారు. ప్రాక్టీస్ ఫైలుకే డేటాక్లాసెస్ అని పేరు పెట్టి, ఇంపోర్ట్ తన ఫైలునే తెచ్చుకుంటుంటే ఏం జరిగిందో తెలియక బిక్కమొహం వేసేవాళ్లూ ఉన్నారు.

లిస్టు డిఫాల్ట్ తప్పును ఇది మొదట్లోనే పట్టుకుంటుంది. బాకీలు: లిస్ట్ = [] అని రాస్తే ఒక్క ఆబ్జెక్ట్ కూడా చేయకముందే వాల్యూ ఎర్రర్ ఇచ్చి డిఫాల్ట్ ఫ్యాక్టరీ వాడమని చెబుతుంది. డేట్.టుడే() తప్పును మాత్రం పట్టుకోదు. అక్కడ డిఫాల్ట్_ఫ్యాక్టరీ=డేట్.టుడే అని, చివర బ్రాకెట్లు లేకుండా మనమే ఇవ్వాలి. బ్రాకెట్లు పెడితే ఆ క్షణానే పిలిచినట్టు.

టైపు రాశాం కదా, అదే చూసుకుంటుందిలే అనుకోవడం డేటాక్లాస్‌తో వచ్చే పెద్ద భ్రమ. గది: ఇంట్ అన్నది ఎడిటర్‌కూ, మైపై లాంటి పరికరాలకూ సూచన మాత్రమే, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఎవరూ తనిఖీ చేయరు. ఇన్‌పుట్ ఫంక్షన్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది. కాబట్టి అడ్వాన్స్‌గా '5000' చేరుతుంది. రెండు నెలల అడ్వాన్స్ అని రెండుతో గుణిస్తే పదివేలు రావు, 50005000 వస్తుంది. అయిదు కోట్ల అడ్వాన్స్, ఎస్.ఆర్. నగర్‌లో షేరింగ్ గదికి! తనిఖీలు కావాలంటే __పోస్ట్_ఇనిట్__ అనే మెథడ్ రాయాలి. ఆట్రిబ్యూట్లన్నీ పెట్టడం అయ్యాక డేటాక్లాస్ దాన్ని పిలుస్తుంది. అక్కడ సెల్ఫ్.అడ్వాన్స్ = ఇంట్(సెల్ఫ్.అడ్వాన్స్) అని మార్చుకుని, సున్నాకు తక్కువైతే వాల్యూ ఎర్రర్ లేపాలి. ఇంకో చిన్న సంగతి, టైపు రాయకుండా అంతస్తు = 1 అని రాస్తే అది పారామీటర్ కాదు, క్లాసు మొత్తానికీ ఉమ్మడి ఆట్రిబ్యూట్. పోలిక ఉచితంగా ఇచ్చినందుకు బదులుగా ఆ ఆబ్జెక్టులు హ్యాష్ కావు (సెట్ వెతకడానికి వాడే సంఖ్య వాటికి ఉండదు), సెట్‌లో వేయబోతే ఎర్రర్ వస్తుంది. మార్చనవసరం లేనివైతే ఫ్రోజెన్=ట్రూ ఇస్తే అదీ కుదురుతుంది, కాకపోతే లోపలి ఫీల్డులన్నీ హ్యాష్ అయ్యేవై ఉండాలి. బాకీల లిస్టు ఉన్నంతవరకు కాదు.

3.10 నుంచి, అంటే 2021 అక్టోబర్ నుంచి, స్లాట్స్=ట్రూ అని కూడా ఇవ్వొచ్చు. అప్పుడు రవి.అద్వాన్స్ = 6000 అని పొరపాటున కొడితే కొత్త ఆట్రిబ్యూట్ పుట్టదు, ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. స్పెల్లింగ్ తప్పులకు ఇంతకన్నా చవకైన కాపలా లేదు.

స్పెల్లింగ్ అంటే గుర్తొచ్చింది. పైథాన్ 3లో వేరియబుళ్లకు, ఆట్రిబ్యూట్లకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చని మీ పాఠం ఒక మూల చెప్పింది. నిజమే, సెల్ఫ్.గది అన్నది నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే మన కీబోర్డులు పొల్లు తర్వాత వత్తు పడకుండా కంటికి కనపడని ఒక అక్షరాన్ని దూరుస్తాయి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో మధ్యన ఉండేది అదే. స్ట్రింగ్ లోపల ఉంటే పర్వాలేదు. పేరులో ఉంటే పైథాన్ ఒప్పుకోదు, 'ఇన్వాలిడ్ నాన్ ప్రింటబుల్ క్యారెక్టర్ యూ+200సి' అంటుంది. కనపడనిదాన్ని చెరపడం కష్టం, ఆ పేరు మొత్తం తీసేసి మళ్లీ కొట్టడమే సులువు. పొల్లు మధ్యలో రాని పేర్లు, గది, అద్దె, పేరు లాంటివి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

వచ్చే వారం ఇన్హెరిటెన్స్ (ఒక క్లాసు లక్షణాలను మరో క్లాసు తెచ్చుకోవడం) అని చివర వేశారు. దయచేసి అందులో ఈ రెండూ చూసుకోండి. పిల్ల క్లాసు తన సొంత ఇనిట్ రాసుకుంటే తల్లి క్లాసు ఇనిట్ దానంతటది నడవదు. సూపర్().__ఇనిట్__(పేరు, గది, అడ్వాన్స్) అని మనమే పిలవాలి. అది మరిచిపోతే పేరు, గది పుట్టనే పుట్టవు, తల్లి క్లాసు మెథడ్ వాటిని అడిగినరోజు బయటపడుతుంది. పిలిచేటప్పుడు బ్రాకెట్లో సెల్ఫ్ రాయకూడదు, సూపర్ దాన్ని తనే అందిస్తుంది. రాస్తే పైన చేత్తో రాసిన క్లాసుకు '4 పొజిషనల్ ఆర్గ్యుమెంట్స్ తీసుకుంటుంది, 5 ఇచ్చారు' అని ఎర్రర్ వస్తుంది, నాలుగో, అయిదో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. డేటాక్లాసులతో అయితే తల్లి ఫీల్డుకు డిఫాల్ట్ ఉండి, పిల్ల ఫీల్డుకు లేకపోతే క్లాసే తయారవదు. డిఫాల్ట్ ఉన్నవాటి వెనక లేనివి రాకూడదు కదా. 3.10, ఆపై వెర్షన్లలో పిల్ల క్లాసుకు కేడబ్ల్యూ_ఓన్లీ=ట్రూ ఇస్తే ఆ పేచీ తీరుతుంది.

పేజీ ప్రింటుకు పోయేముందు, పెట్టెలో పడిన కోడ్‌నే ఆ పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి ఒకసారి రన్ చేయించండి. వచ్చే పాఠం పైన మొన్నటి డెఫ్ లైన్‌ను నాలుగు అండర్‌స్కోర్లతో సవరణగా వేస్తే, కత్తిరించి దాచుకున్నవాళ్లు పెన్నుతో దిద్దుకుంటారు.

ఇట్లు,
ఒక పైథాన్ బోధకుడు,
ఎస్.ఆర్. నగర్, హైదరాబాద్